పేగు సున్నితంగా ఉన్నవారు నరాల నొప్పికి సప్లిమెంట్లు వాడే పద్ధతి

అరికాళ్ళలో మంట, వేళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండే పోటు మొదలైనప్పుడు చాలామంది ముందుగా విటమిన్ మాత్రల వైపే చూస్తారు. జీర్ణశక్తి బాగున్నవారి సంగతి ఎలా ఉన్నా, ఐబీఎస్ (పేగులో జబ్బు కనిపించకున్నా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు లేదా మలబద్ధకం తరచూ వచ్చే సమస్య), క్రోన్స్ వ్యాధి (పేగులో దీర్ఘకాలంగా ఉండే వాపు), సీలియాక్ వ్యాధి (గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) వంటివి ఉన్నవారు మాత్ర వేసుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ మాత్ర పేగును రెచ్చగొడుతుందా అన్నది మొదటిది, అసలు అది ఒంటబడుతుందా అన్నది రెండోది. మొదటిదాన్ని అందరూ గమనిస్తారు. రెండోదాన్ని పట్టించుకోకపోవడం వల్లనే నెలల తరబడి మాత్రలు మింగినా నొప్పి తగ్గనివారు కనిపిస్తారు.

అందుచేత పని రక్తపరీక్షతో మొదలు కావాలి. విటమిన్ బి12 చిన్నపేగు చివరి భాగంలో ఒంటబడుతుంది కాబట్టి, క్రోన్స్ వ్యాధి అక్కడ సోకినవారికీ, శస్త్రచికిత్సలో ఆ భాగాన్ని తీసివేసినవారికీ లోపం ఏర్పడే అవకాశం ఎక్కువ. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను గానీ, ఒమెప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మందులను గానీ ఏళ్ళ తరబడి వాడినా బి12 తగ్గవచ్చు. మాత్రలు మొదలుపెట్టిన తరువాత పరీక్ష చేయిస్తే రక్తంలో స్థాయి పెరిగి కనిపించి అసలు లోపం మరుగున పడుతుంది; అందుకే పరీక్ష ముందు, మాత్ర తరువాత. ఫలితం అటూ ఇటూ కాకుండా ఉంటే మిథైల్ మలోనిక్ ఆమ్లం (బి12 తగ్గినప్పుడు శరీరంలో పెరిగే పదార్థం) పరీక్ష విషయాన్ని స్పష్టం చేయగలదు. సీలియాక్ వ్యాధి కూడా నరాలను దెబ్బతీయగలదు గనుక ఆ అనుమానం ఉన్నవారు గ్లూటెన్ తింటూ ఉన్న రోజుల్లోనే పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే మానేశాక వచ్చే ఫలితాన్ని నమ్మలేము. బి12 లోపం ఉన్నదో లేదో తేలకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో వాడటం మంచిది కాదు. రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గానీ నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది.

బి12 లోపం తేలితే మాత్ర చాలునా, ఇంజెక్షన్ కావాలా అన్నది పేగు పరిస్థితిని బట్టి ఉంటుంది. మామూలు మార్గం దెబ్బతిన్నా, మింగిన మోతాదులో సుమారు 1 శాతం పేగు గోడల గుండా దానంతటదే లోపలికి పోతుంది. అంటే 1000 మైక్రోగ్రాముల మాత్రలో 10 మైక్రోగ్రాముల వరకు అందవచ్చు. పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములు. అయినా నరాల లక్షణాలు ఇప్పటికే మొదలైనవారికి వైద్యులు సాధారణంగా ఇంజెక్షన్‌నే ఎంచుకుంటారు, పేగుతో నిమిత్తం లేకుండా అది నేరుగా శరీరానికి అందుతుంది కాబట్టి. మిథైల్‌కోబాలమినా, సయనోకోబాలమినా, బి12 ఏ రూపంలో ఉండాలి అన్న చర్చకు దక్కుతున్నంత ప్రాధాన్యం అవసరం లేదని నా అభిప్రాయం. క్రమం తప్పకుండా అందడమే ముఖ్యం.

ఎక్కువ జాగ్రత్త కావలసింది బి6 విషయంలో. నరాల కోసం అమ్మే మిశ్రమ మాత్రల్లో అది చాలావరకు ఉంటుంది, మల్టీవిటమిన్‌లోనూ ఉంటుంది, మెగ్నీషియం సీసాలోనూ కొన్నిసార్లు కలిసి వస్తుంది. మోతాదు మించితే బి6 తానే నరాలను దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ కూడా తిమ్మిరి, మంటల రూపంలోనే బయటపడుతుంది. రోగి తన జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర కలుపుకుంటాడు. అమెరికాలో పెద్దలకు గరిష్ఠ పరిమితి రోజుకు 100 మిల్లీగ్రాములు కాగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మిల్లీగ్రాములకు కుదించింది. కాబట్టి ఇంట్లో ఉన్న సీసాలన్నీ ముందు పెట్టుకుని వాటిలోని బి6ను కూడి చూసుకోవడం తప్పనిసరి. జింక్ సంగతీ ఇటువంటిదే: చాలాకాలం ఎక్కువగా వాడితే రాగి లోపం ఏర్పడి వెన్నుపామూ నరాలూ దెబ్బతినవచ్చు.

ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం అనే సప్లిమెంట్‌ను మధుమేహం వల్ల కలిగే నరాల నొప్పికి ఎక్కువగా రోజుకు 600 మిల్లీగ్రాముల మోతాదులో పరిశీలించారు. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ఆహారం దాని శోషణను తగ్గిస్తుంది కాబట్టి పరగడుపున వేసుకోమంటారు, కానీ సున్నితమైన కడుపులో అది వికారాన్నీ మంటనూ తెచ్చిపెట్టవచ్చు. అటువంటివారు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కొంత శోషణ పోయినా ఫరవాలేదనుకుని కాస్త ఆహారంతో తీసుకోవడమే మేలు. అది రక్తంలో చక్కెరను తగ్గించగలదు గనుక మధుమేహపు మందులు వాడేవారు వైద్యునికి చెప్పి మొదలుపెట్టాలి. అసిటైల్ ఎల్ కార్నిటిన్ అనే మరో సప్లిమెంట్ కొందరికి వికారం, విరేచనాలు కలిగిస్తుంది; టాక్సేన్ రకం క్యాన్సర్ మందులు తీసుకుంటున్న స్త్రీలపై జరిగిన ఒక పరీక్షలో అది నరాల సమస్యను తగ్గించకపోగా పెంచింది. మెగ్నీషియం విషయంలో ఏ రూపం అన్నదే ప్రధానం. ఆక్సైడ్, సిట్రేట్ రూపాలు పేగులోకి నీటిని లాగి విరేచనాలకు దారితీస్తాయి. మలబద్ధకం ఉన్నవారికి అదే అక్కరకు రావచ్చు. గ్లైసినేట్ రూపం సాధారణంగా పేగును అంతగా ఇబ్బంది పెట్టదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా మెగ్నీషియం జోలికి పోకూడదు.

చాలాసార్లు పేగును ఇబ్బంది పెట్టేది మందు కాదు, దానితో కలిపిన ఇతర పదార్థాలు. నమిలే బిళ్ళల్లో, గమ్మీల్లో, సిరప్పుల్లో ఉండే సార్బిటాల్, మానిటాల్, జైలిటాల్ వంటి తీపి పదార్థాలు, ఇన్యులిన్ అనే పీచు పదార్థం ఐబీఎస్ ఉన్నవారికి ఉబ్బరాన్నీ విరేచనాలనూ తెస్తాయి. మాత్రలో పూరకంగా వాడే లాక్టోజ్ చాలా కొద్ది పరిమాణంలో ఉంటుంది కాబట్టి ఎక్కువమందికి హాని చేయదు. తీపీ సువాసనా లేని సాదా క్యాప్సూల్ ఉన్నప్పుడు గమ్మీని ఎంచుకోవలసిన కారణం నాకు కనిపించదు. పేగులో కొంత భాగం తీసివేసినవారు, ఇలియాస్టమీ (చిన్నపేగును పొట్టమీది రంధ్రం గుండా బయటికి తెరిచే శస్త్రచికిత్స) ఉన్నవారు నెమ్మదిగా కరిగే మాత్రలకు దూరంగా ఉండటం మంచిది. అవి కరగకముందే బయటికి పోవచ్చు.

పేగు ప్రశాంతంగా ఉన్న వారం చూసి, ఒకే ఒక్క సప్లిమెంట్‌ను అతి తక్కువ మోతాదులో ప్రారంభించి, కనీసం రెండు వారాలు ఇంకేదీ మార్చకుండా గడపాలి. ఆ రోజుల్లో ఆహార నియమాన్ని కూడా మార్చకూడదు. రెండూ ఒకేసారి మారితే దేని వల్ల ఏమి జరిగిందో చెప్పలేము. నొప్పిని 0 నుంచి 10 వరకు, మలాన్ని దాని రూపాన్ని బట్టి బ్రిస్టల్ కొలమానంలోని 7 రకాల్లో ఒకటిగా ప్రతిరోజూ రాసుకుంటే చాలు.

ఇతర మందులతో ఎడం పాటించడం కూడా అవసరం. థైరాయిడ్ మాత్రకూ మెగ్నీషియానికీ మధ్య 4 గంటలు, మెగ్నీషియం లేదా అల్యూమినియం ఉన్న యాంటాసిడ్‌కూ, నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్‌కూ మధ్య 2 గంటలు ఉండాలి. అదే నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగాబాలిన్ మలబద్ధకం కలిగించగలవు గనుక ఆ నెపాన్ని కొత్త సప్లిమెంట్‌పై వేసే ముందు ఒకసారి ఆలోచించాలి. నరాల మాత్రల్లో బయోటిన్ అనే బి విటమిన్ ఉంటే థైరాయిడ్ పరీక్షా, గుండెకు చేసే ట్రోపోనిన్ పరీక్షా తప్పుగా రావచ్చు. పరీక్ష చేసేవారికి ఆ మాట చెప్పాలి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలేపే విరేచనాలు ఉంటే సప్లిమెంట్ల ప్రయోగం అక్కడితో ఆపి వైద్యుని కలవాలి. కాళ్ళ బలహీనత వేగంగా పెరుగుతున్నా, తొడల మధ్య స్పర్శ పోయినా, మలమూత్రాలపై అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మూడు నెలలు సరైన మోతాదులో వాడినా నొప్పి అంకెల్లో తేడా రాని సప్లిమెంట్‌ను మానేయడమే మంచిది. లోపాన్ని పూరించడానికి వాడే బి12కు ఈ గడువు వర్తించదు. నరాలు కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, చిన్నపేగు చివరి భాగం లేనివారికి అది జీవితాంతం అవసరం.