ఎవరికి ఏ లింకు కనబడాలో డేటాబేస్‌నే తేల్చనివ్వండి

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలకు లెక్కల సైట్లు రాసిపెట్టడం నా పని. పేజీలకు పీహెచ్‌పీ, డేటాబేస్‌కు మైఎస్‌క్యూఎల్ వాడతాను. కాటా దగ్గర గుమస్తా, గ్రేడింగ్ మేస్త్రీ, అకౌంటెంటు, యజమాని అందరూ తెరిచేది ఒకటే సైటు. గుమస్తాకు కావలసింది 80 కిలోల పిక్కల బస్తాలు ఎన్ని దిగాయో రాసే పేజీ. ఏ వ్యాపారికి ఏ గ్రేడు ఏ రేటుకు వేశారో అతనికి అక్కర్లేదు. ఇక పొట్టు తీసే ఆడవాళ్ల కూలి లెక్క అకౌంటెంటు, యజమాని తప్ప ఇంకొకరు చూడకూడదు. ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారన్నది ఊళ్లో నలుగురి నోళ్లలో నానకూడదు. అందుకే ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

‘అకౌంటెంటు అయితే ఈ లింకు చూపించు’ అని ప్రతి పేజీ కోడ్‌లో ఇఫ్ షరతు రాసుకుంటూ పోవద్దు. కొత్త హోదా ఒకటి వచ్చిందంటే ఫైళ్లన్నీ తిరగెయ్యాలి, ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది. హక్కులను కోడ్‌లోంచి తీసి టేబుళ్లలో పెట్టండి. హోదాను బట్టి హక్కు ఇచ్చే ఈ పద్ధతికి అమెరికాలో ఫెరాయోలో, కూన్ అనే ఇద్దరు పరిశోధకులు 1992లోనే ఒక పత్రంలో రూపం ఇచ్చారు.

టేబుళ్లు ఐదు చాలు. యూజర్స్, రోల్స్ (హోదాలు), లింక్స్ అసలువి. ఎవరికి ఏ రోల్ అన్నది యూజర్_రోల్స్‌లో, ఏ రోల్‌కి ఏ లింకు అన్నది రోల్_లింక్స్‌లో. ఈ చివరి రెండింటిలో రెండు ఐడీలనూ కలిపి ప్రైమరీ కీ చేస్తే ఒకే జత రెండుసార్లు ఎక్కదు. లింక్స్‌లో పేజీ పేరు, అడ్రసు, మెనూలో వరుస సంఖ్య ఉంచండి.

మెనూ క్వెరీ, అంటే మెనూ కోసం డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, ఇలా నడుస్తుంది. లింక్స్ నుంచి పేరు, అడ్రసు, వరుస సంఖ్య సెలెక్ట్ చేస్తాం. దాన్ని లింక్ ఐడీ మీద రోల్_లింక్స్‌తో, అక్కణ్ణుంచి రోల్ ఐడీ మీద యూజర్_రోల్స్‌తో, చివరకు యూజర్స్‌తో జాయిన్ చేస్తాం. షరతులు రాసే వేర్‌లో లాగిన్ అయినవారి ఐడీ పెడతాం. ఆ ఐడీని క్వెరీ వాక్యంలో అతికించవద్దు. ప్రశ్న గుర్తు పెట్టి, ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ద్వారా విడిగా పంపండి. ఒకే వరస మళ్లీ రాకుండా ఆపే డిస్టింక్ట్ మరిచిపోవద్దు. అకౌంటెంటే డిస్పాచ్ కూడా చూసే ఫ్యాక్టరీలో అతనికి రెండు రోల్స్ ఉంటాయి, అది లేకపోతే ఒకే లింకు మెనూలో రెండుసార్లు వస్తుంది. ఆర్డర్ బై వరుస సంఖ్య మీద.

సీజన్‌లో పిక్కలు దిగే రోజుల్లో కాటాకు అదనంగా మనుషులు వస్తారు, తరవాత వెళ్లిపోతారు. వాళ్ల కోసం యూజర్_రోల్స్‌లో ‘ఎప్పటివరకు’ అనే తేదీ కాలమ్ పెడతాను. శాశ్వత ఉద్యోగులకు అది నల్, అంటే ఏ విలువా లేనిది. ఇక్కడ జాగ్రత్త. ‘తేదీ ఇవాళ్టికి సమానం లేదా ఎక్కువ’ అని మాత్రమే రాస్తే నల్ ఉన్న వరసలన్నీ రాలిపోతాయి, యజమానికే మెనూ ఖాళీగా వస్తుంది. నల్‌తో పోలిస్తే ఎస్‌క్యూఎల్ అవుననీ అనదు, కాదనీ అనదు. ‘నల్ అయినా, ఇవాళ గానీ ఆ తరవాత గానీ అయినా’ అని రెండూ కలిపి బ్రాకెట్లో పెట్టాలి. బ్రాకెట్ లేకపోతే ఆర్ పక్కనున్న యాండ్‌తో కలిసిపోయి, ఎవరి హక్కులో ఎవరికో వచ్చేస్తాయి.

పని మానేసినవాళ్లను యూజర్స్ నుంచి డిలీట్ చెయ్యకండి. పాత బిల్లుల మీద వాళ్ల ఐడీ ఉంటుంది. యాక్టివ్ కాలమ్ సున్నా చేసి, క్వెరీలో యాక్టివ్ ఒకటి అనే షరతు పెట్టండి.

ఇంతవరకూ చేసింది లింకు కనబడకుండా చెయ్యడమే. తలుపుకు పరదా వేశాం, గొళ్లెం ఇంకా పెట్టలేదు. అడ్రసు తెలిసినవాడు బ్రౌజర్లో టైప్ చేస్తే కూలి పేజీ తెరుచుకుంటుంది. వెబ్ భద్రత లోపాలపై ఓవాస్ప్ అనే సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం ఈ యాక్సెస్ కంట్రోల్ లోపాలదే. కాబట్టి ప్రతి పేజీ మొదట్లో అదే క్వెరీని, ఆ పేజీ అడ్రసును కూడా వేర్‌లో చేర్చి నడపండి. వరస వస్తే లోపలికి, రాకపోతే 403 (‘అనుమతి లేదు’ అనే కోడ్) ఇచ్చి అక్కడితో ఎగ్జిట్. అసలు లాగిన్ కానివాళ్లను లాగిన్ పేజీకి పంపండి. లింక్స్‌లో నమోదు కాని పేజీ ఎవరికీ తెరుచుకోకూడదు. సేవ్, డిలీట్ బటన్లు పంపే అడ్రసులకూ ఇదే కాపలా.

ఇంకో సందు ఉంది. మేస్త్రీకి తన షెడ్డు తూకాల పేజీకి హక్కుంది. అడ్రసు చివర ఉన్న నంబరు మార్చి పక్క షెడ్డు తూకం తెరిస్తే పేజీ కాపలా ఆపలేదు, ఆ పేజీకి అతనికి హక్కుంది మరి. తూకం తెచ్చే క్వెరీలోనే తూకం ఐడీతో పాటు అతని షెడ్డు ఐడీ కూడా షరతుగా ఉండాలి.

హక్కులను సెషన్‌లో, అంటే లాగిన్ ఉన్నంతసేపు సర్వర్ గుర్తుంచుకునే చోట, దాచి పెట్టుకోవద్దు. పొద్దున రోల్ తీసేసినా, అతను లాగౌట్ అయ్యేదాకా పాత మెనూ నడుస్తూనే ఉంటుంది. క్వెరీ ప్రతి పేజీకీ నడిస్తే భారం అనుకోవద్దు, వెతికేదంతా కీల మీదే.

అప్పగించే ముందు ఒక్కో రోల్‌కీ ఒక పరీక్ష యూజర్ని తయారుచేసి, లింక్స్‌లో ఉన్న అడ్రసులన్నీ వాళ్ల లాగిన్‌తో చేత్తో టైప్ చేసి చూడండి. మెనూలో లేని ప్రతి అడ్రసుకూ 403 రావాలి. కూలి పేజీని అన్నిటికన్నా ముందు చూడండి.