ఒంటరి పడవ, 4వ పాఠం: పోటుతో లోపలికి, పాటుతో బయటికి

గత పాఠంలో లంగరు వేయడం చూశాం. ఈ పాఠం పడవ ఎక్కే ముందు రోజు రాత్రి చేసుకోవాల్సిన పని: పోటుపాటుల (సముద్రపు నీళ్లు ఎక్కడం పోటు, దిగడం పాటు) పట్టిక, మ్యాపు, పెన్సిలు ముందు పెట్టుకుని రేపటి ప్రయాణాన్ని గంటల వారీగా రాసుకోవడం. ఇద్దరుంటే ఒకరు అలిసినప్పుడు ఇంకొకరు తెడ్డు అందుకుంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ రెండో మనిషి పని ప్రవాహం చేత చేయించుకోవాలి.

ముందు చిన్న లెక్క. కదలని నీటిలో మీరు గంటకు 4 కిలోమీటర్లు పోగలరనుకుందాం. ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లు. 12 కిలోమీటర్ల దూరం ప్రవాహం వెంట పోతే 2 గంటలు, ఎదురెళ్తే 6 గంటలు. ఆలోగా ప్రవాహమే తిరిగిపోతుంది కదా అని మీకు తట్టి ఉంటే సగం పాఠం వచ్చేసినట్టే. 3 గంటలు ఎదురు తెడ్డు వేసినవాడికి దక్కేది 6 కిలోమీటర్లు. నీళ్లు తిరిగాక అదే 6 కిలోమీటర్లు 1 గంట పని. అంటే ఒడ్డున చెట్టునీడన ఆగినవాడికన్నా ఇతను 3 గంటలు చెమటోడ్చి, ముందు చేరింది ఒక్క గంట.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రేపటి పోటు ఇవాళ్టికన్నా 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజుకు ఒక్కటే పోటు ఉండే తీరాలూ ఉన్నాయి కాబట్టి పట్టిక చూడకుండా ఊహించుకోవద్దు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, ప్రవాహం జోరుగా ఉంటుంది. అష్టమి దాటాక మెత్తబడుతుంది. మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లు ఆ రోజులే చూసుకోండి.

నీళ్లు 6 గంటలపాటు ఒకే తీరున ఎక్కవు. మొత్తం ఎత్తును 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1, రెండో గంటలో 2, మూడో గంటలో 3, నాలుగో గంటలో 3, తర్వాత 2, చివర 1. పోటుపాటుల మధ్య తేడా 2.4 మీటర్లయితే తొలి గంటలో పెరిగేది 20 సెంటీమీటర్లే. నడిమి రెండు గంటల్లో 1.2 మీటర్లు! ఇది ఉజ్జాయింపు లెక్క. వానలు పడి ఏరు పొంగినా, సముద్రం మీంచి గాలి గట్టిగా తోసినా తప్పుతుంది. అయినా నోటికి వచ్చి ఉండాలి.

కొత్తవాళ్లు పొరబడేది ఇంకోచోట. పట్టికలో ఉన్నది నీటి ఎత్తు, ప్రవాహం కాదు. మొగ (కాలువ సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీళ్లు ఎక్కడం ఆగిపోయాక కూడా లోపలి కాలువలో కాసేపు లోపలికే పారుతుండవచ్చు. కాబట్టి నీటిని చూసి తెలుసుకోవాలి. పాతిన గుంజకు ఒక పక్క నీళ్లు ఎత్తుగా గుమిగూడి, రెండో పక్క సుడులు తోకలా సాగుతాయి. తోక ఎటుంటే ప్రవాహం అటు. గుంజకు పట్టిన నాచు పోగులు కూడా అటే సాగి ఉంటాయి. అవి నిటారుగా వేలాడుతున్నాయంటే నీళ్లు నిలిచాయి, తిరగబోతున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. సముద్రానికీ నేలకూ మధ్య పొడవాటి ఇసుక దీవి, దాని వెనక జలమార్గం, దీవికి రెండు చివర్లా మొగలు: ఇలాంటి చోట పోటు రెండు మొగల నుంచీ లోపలికి వస్తుంది. రెండు ప్రవాహాలూ ఎదురెదురుగా వచ్చి కలిసే చోట నీళ్లు నిలబడిపోతాయి, మోసుకొచ్చిన ఒండ్రు అక్కడే దిగుతుంది. మ్యాపులో లోతు అంకెలు ఒక్కసారిగా చిన్నవయ్యే ఆ మేటను చూసి భయపడేవాళ్లే ఎక్కువ. నిజానికి ఒంటరి ప్రయాణికుడికి అంతకన్నా మంచి మజిలీ లేదు. మేట దాకా పోటు మిమ్మల్ని తీసుకుపోతుంది, అక్కడి నుంచి పాటు ముందుకు తోస్తుంది. ఒక్కసారి కూడా ఎదురీత ఉండదు.

మొగల మధ్య 20 కిలోమీటర్లు, మేట సరిగ్గా నడుమ, అక్కడ నిండు పోటు ఉదయం 11:00 అనుకోండి. మేట దగ్గర పడేకొద్దీ ప్రవాహం నెమ్మదిస్తుంది గనక సగటు గంటకు 5 కిలోమీటర్లే లెక్కేసుకుని 8:30కి బయలుదేరితే 10:30కి మేట చేరతారు. అరగంట ముందు చేరడం కావాలని పెట్టుకున్నదే. నీళ్లు ఎక్కుతున్నప్పుడు పడవ అడుగు తగిలినా ఫర్వాలేదు, కాసేపట్లో అదే లేస్తుంది. దిగుతున్నప్పుడు తగిలితే మాత్రం ఆలోచించే వ్యవధి లేదు: గడతో వెంటనే వచ్చిన దారినే వెనక్కి నెట్టండి. పెద్ద పోటు నెత్తిన మేట మీదికెక్కి కూర్చుంటే తర్వాతి పోట్లు అంతెత్తు రాక రోజుల తరబడి అక్కడే ఉండాల్సి రావచ్చు. దిగి నెట్టాలనుకుంటే ముందు గడతో బురద లోతు చూడండి, పడవ ముందుతాడు చేతిలో పట్టుకునే దిగండి. మనిషి బరువు తగ్గగానే పడవ తేలుతుంది, ప్రవాహం దాన్ని లాక్కుపోతుంది, పట్టుకోవడానికి లోపల ఎవరూ ఉండరు.

మేట నడుమే ఉండాలని లేదు. పోటు ఏ మొగ నుంచి ముందు వస్తే దానికి దూరంగా జరిగి ఉంటుంది. మ్యాపు మీద అంకెల్ని బట్టి గంటలు సరిచేసుకోండి.

11 దాటాక పాటు మొదలైతే మధ్యాహ్నం 1 గంటకల్లా రెండో మొగ సమీపిస్తుంది. కాగితం మీద అక్కడ దట్టంగా గీత గీయండి. మొగకు 2 కిలోమీటర్లు ముందే, ఒడ్డుకు చేరగల చోటొకటి ఎంచుకుని అక్కడ ఆగిపోవాలి. పాటు నడిమి గంటల్లో మొగ దగ్గర ప్రవాహం తెడ్డుకు లొంగదు, పడవను సముద్రంలోకి తీసుకుపోతుంది. సముద్రం మీంచి గాలి ఎదురు వీస్తే అలలు నిట్రంగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పి వెళ్లే కాగితంలో కూడా ఈ ఆగే చోటు, గంట రాయండి.

ఇంటిపని: నీటి అంచున గీతలు పెట్టిన కర్ర పాతి, అరగంటకోసారి ఎత్తు రాసుకోండి. పక్కనే ఒడ్డు వెంట 50 మీటర్లు కొలిచి, ఎండుకొమ్మను వదిలి ఎంతసేపట్లో దాటిందో చూడండి. 90 సెకన్లు పట్టిందంటే ప్రవాహం గంటకు 2 కిలోమీటర్లు. కర్ర మీద నీళ్లు పెరగడం ఆగిన సమయానికీ, కొమ్మ కదలకుండా నిలిచిన సమయానికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో పట్టిక అంచున రాసి ఉంచండి. మొగ దాటడం గురించిన 5వ పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.