డ్రైవ్ షాఫ్ట్ మార్చేటప్పుడు ఊడిరాని బాల్ జాయింట్‌ని ఏం చేయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కౌంటర్ దగ్గర నిలబడి "ఫ్రంట్ యాక్సిల్ కావాలి" అంటే ముందు "ఏ లారీకి?" అని అడుగుతారు. లారీలో యాక్సిల్ అంటే రెండు ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం. మన చిన్న కార్లలో అది ఉండదు. గేర్‌బాక్స్ నుంచి ఒక్కో ముందు చక్రానికి ఒక్కో రాడ్డు వెళ్తుంది. దాన్ని డ్రైవ్ షాఫ్ట్ అని అడగండి. కారు మోడల్, తయారైన ఏడాది, పెట్రోలా డీజిలా, కుడివైపా ఎడమవైపా, ఏబీఎస్ ఉందా లేదా, ఇవన్నీ చెప్పాలి. వీలైతే పాతది ఊడదీసి చేత్తో పట్టుకెళ్లి, పొడవు పక్కపక్కన పెట్టి చూసి, రెండు చివర్లా పళ్లు లెక్కపెట్టుకోండి. ఒక్క పన్ను తేడా ఉన్నా అది ఎక్కదు.

అయితే కొనడానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పోయింది నిజంగా షాఫ్టేనా?

ఏ శబ్దం దేనిది

స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలిస్తే టక్ టక్ టక్ మని వరసగా వస్తుంటే, షాఫ్ట్‌కి చక్రం వైపున్న బయటి జాయింట్ అరిగింది. ఖాళీ స్థలంలో కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి గుండ్రంగా తిప్పండి. ఇంకొకరిని బయట నడుస్తూ వినమనండి. లోపల కూర్చున్నవాళ్లకి ఏ వైపో తెలియదు, బయట ఉన్నవాళ్లకి తెలిసిపోతుంది.

మంగళగిరి దాటాక హైవే మీద యాక్సిలరేటర్ తొక్కితే బండి వణికి, కాలు తీయగానే వణుకు ఆగిపోతే గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింట్‌ని అనుమానించాలి. కాలు తీసినా వణుకు ఉండి, ఏదో ఒక స్పీడులోనే వస్తుంటే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. షాఫ్ట్ జోలికి వెళ్లొద్దు.

స్పీడుతో పాటు పెరిగే బొయ్‌మనే మోత వీల్ బేరింగ్‌ది. ఎడమ మలుపులో బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్‌ని అనుమానించండి.

గుంతలో పడినప్పుడో, వారధి మీద జాయింట్లు దాటేటప్పుడో డబ్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తే అది లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చేయి) చివరి బాల్ జాయింటో, అంటే గిన్నెలో గుండులా తిరిగే కీలో, దాని రబ్బరు బుష్షో. చిన్న చిన్న గతుకులకే గలగలమంటే లింక్ రాడ్, అంటే బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపుకి కలిపేది. స్టీరింగ్‌లో ఖాళీ ఆట ఉంటే టైరాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు చివరి కీలు. ఈ మూడింటికీ షాఫ్ట్‌తో సంబంధం లేదు. కానీ షాఫ్ట్ తీయాలంటే ఈ జాయింట్లలో ఒకటో రెండో ఊడదీయక తప్పదు. అసలు కష్టం అక్కడే.

బూటు చెప్పే సాక్ష్యం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో చక్రాలు మునిగేదాకా నీళ్లలో నిలిచిన కారొకటి, ఏడాది తర్వాత మా దగ్గరకు వచ్చింది. "అన్నా, బేరింగ్ పోయిందంటే మార్పించాను, శబ్దం పోలేదు" అన్నాడు ఆ అబ్బాయి. చక్రం తీసి చూశాం. బయటి జాయింట్ మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, పైకి బాగానే కనిపించింది. మడతలను ఒక్కొక్కటిగా రెండు వేళ్లతో విడదీస్తూ వెళ్తే, మూడో మడత లోపల అంగుళం పొడవున చీలిక. బూటు నొక్కితే గ్రీజు రాలేదు. టీ డికాషన్ రంగు నీళ్లు వచ్చాయి. గ్రీజు బురదలా మారి లోపలి బాల్స్‌ని ఉప్పుకాగితంలా అరగదీసింది.

అందుకే బూటు మడతల్ని చేత్తో విడదీసి చూడాలి. 45 డిగ్రీల దాకా వెళ్లే మన ఊరి ఎండకి రబ్బరు మడతల లోపలే పగులుతుంది. చక్రం రిమ్ము లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలున్నా అదే లెక్క. చీలిక కొత్తదై, గ్రీజు నల్లగా శుభ్రంగా ఉండి, శబ్దం ఇంకా మొదలవకపోతే బూటు, గ్రీజు, క్లిప్పులు మారిస్తే చాలు. టక టక మొదలయ్యాక కొత్త గ్రీజు ఎంత పెట్టినా వృథా.

హబ్ నట్టు

షాఫ్ట్‌ని చక్రం నడిమి భాగానికి, అంటే హబ్‌కి, బిగించే పెద్ద నట్టు ఇది. చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేయాలి. ఫస్ట్ గేర్, హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకి రాళ్లు. నట్టు అంచుని షాఫ్ట్ గాడిలోకి కొట్టి ఉంటారు. దాన్ని సన్న ఉలితో పైకి లేపకుండా తిప్పితే మరలు పోతాయి. చాలా చిన్న కార్లకి 30 లేదా 32 సైజు సాకెట్ పడుతుంది. పొడుగు రాడ్డుకి పైపు తొడిగి తిప్పండి. నట్టు వదులయ్యాకే జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు. పక్కన ఎంత మంది ఉన్నా సరే, దూరొద్దు.

ఊడిరాని జాయింట్లు

బండి పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. జాయింట్ రాకపోతే ఇంకా పెద్ద సుత్తి తెస్తారు. నిజానికి చూడాల్సింది ఎంత గట్టిగా కొట్టామన్నది కాదు, ఎక్కడ కొట్టామన్నది.

టైరాడ్ ఎండ్ పిన్ను చివరికి సన్నబడుతూ ఉంటుంది. అది కూర్చున్న కన్నం కూడా అలాగే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పిన్ను చివర కొడితే మరలు నలిగిపోతాయి తప్ప పిన్ను రాదు. ముందు నట్టు ఊడకుండా అడ్డంగా దూర్చిన స్ప్లిట్ పిన్ తీసి, నట్టుని వదులు చేసి, పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా ఉంచండి. కన్నం ఉన్న ఆర్మ్‌కి (చక్రం వైపు నుంచి పొడుచుకొచ్చిన లోహపు చేయికి) ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క ఇంకో సుత్తితో గట్టిగా ఒక్కటి వేయండి. కన్నం ఒక్క క్షణం సాగి పట్టు వదులుతుంది. రెండు మూడు దెబ్బలకి పిన్ను టక్‌మని బయటికి జారుతుంది. ఆ ఆర్మ్ అల్యూమినియందైతే సుత్తి వద్దు, మర బిగించి పిన్నుని నెట్టే పుల్లర్ వాడాలి. మధ్యలోకి దిగగొట్టే ఫోర్కు బూటుని చింపేస్తుంది కాబట్టి, జాయింట్ ఎలాగూ మారుస్తున్నప్పుడే వాడండి.

నట్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతోందా? లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి పైకి కొంచెం నొక్కండి. పిన్ను కన్నంలో బిగుసుకుంటుంది, నట్టు ఒక్కటే తిరుగుతుంది. లింక్ రాడ్‌కైతే పిన్ను చివర ఉన్న గాడిలో అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి.

చాలా చిన్న కార్లలో లోయర్ బాల్ జాయింట్‌ని ఒక అడ్డ బోల్టు బిగించి పట్టుకుంటుంది. ఆ బోల్టు పిన్ను మీది గాడిలోంచి వెళ్తుంది కాబట్టి వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి రావాలి. సింగ్ నగర్ కారుకి ఇదే తుప్పుతో పట్టేసింది. వైరు బ్రష్‌తో రెండు చివర్లూ శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున మళ్లీ కొట్టి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాం. చిటుక్కుమని తుప్పు విరిగిన శబ్దం వచ్చింది. అక్కణ్ణుంచి పావు చుట్టు వదులు, మళ్లీ కొంచెం బిగువు, మళ్లీ స్ప్రే. నలభై నిమిషాలు పట్టింది కానీ బోల్టు ముక్క కాలేదు. అంతకుముందు ఇంకో బండికి నేను తొందరపడి పైపు వేసి లాగితే తల విరిగి, మిగతాది డ్రిల్లింగ్ చేయించడానికి ఒక రోజంతా పోయింది.

అప్పటికీ కదలకపోతే వేడి పెట్టాలి. వేడి బోల్టుకి కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుముకి. ముందు ఏబీఎస్ సెన్సర్ వైరు తీసేయండి, దగ్గరున్న రబ్బరుకి తడిగుడ్డ చుట్టండి, స్ప్రే చేసిన చోట పూర్తిగా తుడవండి, లేకపోతే అంటుకుంటుంది. బేరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి మంట ఎక్కువసేపు ఉంచకూడదు. బోల్టు వచ్చాక చీలికలో ఉలి పెట్టి కొంచెం విడదీస్తే పిన్ను దిగుతుంది. కొత్త బోల్టు తల మీద పాతదాని మీదున్న బలం చెప్పే అంకే, 8.8 అయినా 10.9 అయినా, ఉండాలి.

షాఫ్ట్ తీసి పెట్టడం

హబ్‌లో పళ్లు పట్టేస్తే నట్టుని చివరిదాకా ఎక్కించి, చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి. లోపలి వైపు షాఫ్ట్ రాడ్డుని పట్టి లాగొద్దు, లోపలి జాయింట్ విడిపోతుంది. గేర్‌బాక్స్‌కీ జాయింట్ గిన్నెకీ మధ్య రాడ్డు పెట్టి ఎత్తాలి. గేర్ ఆయిల్ కారుతుంది, కింద ట్రే పెట్టుకోండి. ఆయిల్ సీల్ పాతబడి ఉంటే అప్పుడే మార్చేయండి, మళ్లీ ఇంత పని ఎవరూ చేయరు. బ్రేక్ క్యాలిపర్ తీయాల్సి వస్తే గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి.

కొత్తది పెట్టేటప్పుడు షాఫ్ట్ లోపలి చివర ఉండే క్లిప్పు కొత్తదే ఉండాలి. లోపలికి తోస్తే క్లిక్‌మంటుంది. తర్వాత గిన్నెని పట్టుకుని బయటికి లాగి చూడండి, రాకూడదు. హబ్ నట్టు కూడా కొత్తదే వేసి, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించాలి. చాలా చిన్న కార్లకి అది 150 నుంచి 250 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. షాఫ్ట్ లేకుండా, నట్టు బిగించకుండా బండి బరువు ఆ చక్రం మీద వేసి తోస్తే కొత్త బేరింగ్ కూడా పోతుంది. లోయర్ ఆర్మ్ బుష్షు బోల్టులు వదులు చేసి ఉంటే వాటి చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది.

గేర్ ఆయిల్ లెవెల్ నింపి, అలైన్‌మెంట్ చేయించండి. మర్నాడు పొద్దున బండి తీసే ముందు గేర్‌బాక్స్ కింద నేల మీద చుక్క పడిందేమో వంగి చూడండి. పడితే సీల్ సరిగా కూర్చోలేదు.