కారు కరెంటు, 3వ పాఠం: ఓల్టులు దారిలో ఎక్కడ పోతున్నాయి?

రెండో పాఠంలో బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే బానెట్ ఎత్తి బ్యాటరీని కొలిచాం. 12.6 ఓల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. 12.4 కంటే తక్కువ వచ్చినవాళ్లు ముందు చార్జర్ పెట్టి నింపుకోండి. సగం ఖాళీ బ్యాటరీతో ఈ పాఠంలోని కొలతలు తీసుకుంటే ఆ అంకెలు ఎటూ తేల్చవు.

ఈసారి మన రోగం ఇది. బ్యాటరీ 12.6 చూపిస్తుంది, కానీ తాళం తిప్పితే సెల్ఫ్, అంటే ఇంజనును తిప్పి లేపే మోటరు, నీరసంగా మూలుగుతుంది. లేదా ఒక్కసారి 'టక్' అని ఊరుకుంటుంది. ఇలాంటప్పుడు మన ఊళ్లో ఎక్కువమంది చేసే పని కొత్త బ్యాటరీ వేయించడం. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే హైదరాబాదు ఎండకు బ్యాటరీలు త్వరగా పోతాయన్నది నిజమే, ఆ అనుమానం ఊరికే రాలేదు. కొత్తది వేశాక బండి కొన్నాళ్లు బాగానే స్టార్ట్ అవుతుంది కూడా. దారిలో పోయే ఓల్టులు పోగా మిగిలినవి అప్పటికి సరిపోతాయి కాబట్టి. ఆ తర్వాత మళ్లీ అదే 'టక్'. షాపులో పెట్టే టెస్టర్ బ్యాటరీ సంగతి చెబుతుంది గానీ, దాన్నుంచి సెల్ఫ్ మోటరు దాకా వెళ్లే కేబుళ్ల సంగతి చెప్పదు.

ఆ కేబుళ్లను మల్టీమీటరు ఓమ్ సెట్టింగులో, అంటే కరెంటుకు తగిలే అడ్డును చూపే సెట్టింగులో, కొలిస్తే చాలదా అంటే, చాలదు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ కూడా తిరిగేటప్పుడు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. డీజిలుకు ఇంకా ఎక్కువ. 150 ఆంపియర్లు పారేచోట 0.01 ఓమ్ అడ్డు తగిలినా 1.5 ఓల్టులు అక్కడే పోతాయి. మామూలు మీటరు ఆ 0.01ని సున్నా అనే చూపిస్తుంది. కేబుల్లో తీగలన్నీ తెగి రెండు పోగులే మిగిలినా ఓమ్ సెట్టింగులో సున్నాయే, బీప్ కూడా కొడుతుంది. బోరు నీళ్ల సున్నం పట్టిన పైపు లాంటిది ఇది. కుళాయి తిప్పితే గానీ లోపల ఎంత పూడిపోయిందో తెలీదు. అందుకే సెల్ఫ్ తిరుగుతుండగానే కొలవాలి.

ముందు జాగ్రత్తలు. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు పైకి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. ఇంజను స్టార్ట్ కాకుండా సెల్ఫ్ మాత్రమే తిరగాలి కాబట్టి, పెట్రోలు బండిలో ఫ్యూజు బాక్సు మూత మీది పటం చూసి ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేయండి. పైపులో మిగిలిన పెట్రోలుతో ఒకసారి స్టార్ట్ అయి ఆగుతుంది, కంగారు పడకండి. డీజిలు బండికి పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది. మీటరుకు మిన్-మ్యాక్స్ బటన్ (అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుపెట్టుకునేది) ఉంటే, స్టార్ట్ అయ్యేలోపు వచ్చే అంకెను దాంతో పట్టుకోవడమే సులువు. సెల్ఫ్ ఒక్కోసారి 5 సెకన్లు తిప్పితే చాలు, 10 దాటొద్దు, మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. తాళం తిప్పడానికి ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. మీటరు తీగలు బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండాలి.

మీటరును డీసీ 20 ఓల్టుల దగ్గర పెట్టి నాలుగు కొలతలు తీసుకుంటాం.

మొదటిది బ్యాటరీ మీదే. మీటరు తీగల చివరి రెండు ముళ్లూ బ్యాటరీ రెండు సీసపు పోస్టుల మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 10 పైన నిలిస్తే బ్యాటరీ తన పని చేస్తున్నట్టే. 9.6 కిందికి జారితే రెండు కారణాలు: బ్యాటరీలో సత్తువ లేదు, లేదా సెల్ఫ్ మోటరు పట్టేసి అతిగా లాగుతోంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతున్నా బ్యాటరీ మీద 11.5 పైనే ఉందంటే బ్యాటరీని వదిలేయండి. దాన్నుంచి కరెంటు సరిపడా బయటికి పోవడం లేదు. అడ్డు దారిలోనో, సెల్ఫ్‌లోనో ఉంది.

రెండోది పాజిటివ్ దారి. ఎర్ర ముల్లు బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. పోస్టును పట్టుకునే కేబుల్ క్లాంపు మీద కాదు, మధ్యలోని సీసం మీదే. నల్ల ముల్లు సెల్ఫ్ సోలినాయిడ్ (సెల్ఫ్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు) మీద లావు కేబుల్ వచ్చి చేరే నట్టు మీద. సోలినాయిడ్‌కు రెండు పెద్ద నట్లుంటాయి, బ్యాటరీ నుంచి కేబుల్ వచ్చేది మనది. సరైన నట్టు పట్టుకుంటే సెల్ఫ్ కొట్టకముందు మీటరు సున్నా చూపిస్తుంది, 12 చూపిస్తే రెండోదాన్ని పట్టుకున్నారు. సెల్ఫ్ కొట్టినప్పుడు 0.3 లోపు ఉంటే కేబుల్ బాగుంది. 0.5 దాటితే బాగు చేయాల్సిందే.

మూడోది ఎర్త్ దారి, అంటే సెల్ఫ్ నుంచి ఇంజను, బాడీ మీదుగా కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి. నల్ల ముల్లు నెగటివ్ పోస్టు మీద, ఎర్ర ముల్లు సెల్ఫ్ ఒంటి మీద, రంగూ మడ్డీ లేనిచోట గట్టిగా గుచ్చి పట్టుకోండి. 0.3 దాటకూడదు.

నాలుగోది సెల్ఫ్‌కు నిజంగా అందేది: ఎర్ర ముల్లు ఇందాకటి నట్టు మీద, నల్లది సెల్ఫ్ ఒంటి మీద.

ఒక లెక్క చూద్దాం. బ్యాటరీ మీద 10.9, పాజిటివ్ దారిలో 0.2, ఎర్త్ దారిలో 1.6, సెల్ఫ్ మీద 9.1 వచ్చాయనుకోండి. చివరి మూడూ కూడితే 10.9, మొదటి కొలతతో కుదిరింది. ఈ కూడిక కుదరకపోతే ఎక్కడో ముల్లు సరిగా ఆనలేదు, మళ్లీ కొలవండి. కుదిరింది కాబట్టి దొంగ ఎర్త్‌లోనే ఉన్నాడని తేలింది. బ్యాటరీ మార్చే పనే లేదు.

ఇప్పుడు ఎర్త్ దారిని ముక్కలు చేసి, సెల్ఫ్ కొట్టిస్తూనే ఒక్కో ముక్కా కొలవాలి. పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి బాడీ, బాడీ నుంచి ఇంజను. ఒక్కోచోట 0.1కి మించి పోకూడదు, పోస్టుకీ క్లాంపుకీ మధ్య దాదాపు సున్నా ఉండాలి. ఎక్కువగా దొరికేది మూడో ముక్క, గేరుబాక్సుకూ బాడీకీ మధ్య ఉండే జడలాంటి ఎర్త్ పట్టీ. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలో నడిచిన బండిలో అది లోలోపలే తుప్పు పట్టి ఉంటుంది. క్లచ్ పని, ఇంజన్ మౌంట్ పని జరిగిన బండిలో అయితే బోల్టు సగమే బిగించి వదిలేయడం మామూలే. పట్టీ పోతే రాణిగంజ్‌లో పాతది చూపించి అదే మందం, అదే పొడవు అడగండి. సన్నది ఇస్తే తీసుకోవద్దు.

లోపం పోస్టు దగ్గరే అయితే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీయండి. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఈ వరస తప్పితే పాజిటివ్ మీది స్పానరు బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. తెల్లటి, పచ్చటి పూత మీద గోరువెచ్చని నీళ్లలో కలిపిన వంట సోడా పోయండి. బ్యాటరీ మూతల్లోంచి చుక్క కూడా లోపలికి పోకూడదు, పోతే యాసిడ్ చెడుతుంది. ఆరాక ఎమెరీ కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించాకే పైన పెట్రోలియం జెల్లీ రాయండి. కొత్త మోడళ్లలో నెగటివ్ క్లాంపుకు చిన్న సెన్సర్ అంటుకుని ఉంటుంది, దాన్ని పట్టుకుని లాగకండి.

రెండు దారులూ బాగుండి, సెల్ఫ్‌కు 10 పైన అందుతున్నా నీరసమే అయితే, సోలినాయిడ్ పెద్ద నట్లు రెంటి మధ్యా సెల్ఫ్ కొట్టిస్తూ కొలవండి. 0.3 దాటితే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. అదీ బాగుంటే లోపం సెల్ఫ్ లోపలి కార్బన్ బ్రష్‌లలోనో, బుష్‌లలోనో ఉంది. ఇక సెల్ఫ్ విప్పి వర్క్‌షాపుకు ఇవ్వాల్సిందే.

ఇదే పద్ధతి బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) వైపూ పనికొస్తుంది. ఫ్యూజు తిరిగి పెట్టి, బండిని సెల్లార్ నుంచి బయటికి తెచ్చి స్టార్ట్ చేయండి. మూసిన సెల్లార్లో ఇంజను నడిపితే పొగ ప్రాణం మీదికి తెస్తుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటరు వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టండి. డైనమో లావు నట్టు నుంచి బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు 0.3, డైనమో ఒంటి నుంచి నెగటివ్ పోస్టుకు 0.2 దాటకూడదు. బ్యాటరీ మీద మామూలుగా 13.8 నుంచి 14.6 మధ్య ఉండాలి. కొత్త మోడళ్లలో కంప్యూటరే చార్జింగును పెంచి తగ్గిస్తుంది, కాబట్టి ఒక్కసారి 12.8 కనబడగానే డైనమో విప్పించకండి.

నాలుగో పాఠం వారం రోజులు సెల్లార్లో నిలబెడితే చచ్చిపోయే బండి గురించి. దానికి మీటరులో 10 ఆంపియర్ల ఫ్యూజు బతికి ఉండాలి. ఎర్ర తీగను ఓమ్ రంధ్రంలో ఉంచి, దాని ముల్లును 10 ఆంపియర్ల రంధ్రంలోకి దూర్చి ఓమ్ సెట్టింగులో చూడండి. సున్నాకు దగ్గరగా వస్తే బాగుంది. ఏమీ కదలకపోతే కోఠి గుజరాతీ గల్లీలో ఆ ఫ్యూజు దొరుకుతుందేమో అడగండి, మీటరు వెనక రాసి ఉన్న రేటింగే తీసుకోవాలి.