ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి కట్టాక రివర్స్ ఆలస్యంగా పడుతుంటే

గేర్‌బాక్స్ మొత్తం విప్పి, ప్లేట్లు సీళ్లు కొత్తవి వేసి, మళ్లీ కారుకెక్కించి స్టార్ట్ చేస్తే డి (ముందుకు పోయే గేరు) ఠక్కున పడుతుంది, ఆర్ (రివర్స్)లో వేస్తే మాత్రం బండి కదలదు, మూడు నాలుగు సెకన్ల తర్వాత ధడేల్‌మని పట్టుకుంటుంది. పోయిన ఎండాకాలం అనంతపురంలో మా షెడ్డుకి బెంగళూరు నుంచి కొనుక్కొచ్చిన ఒక పాత టయోటా కరోలా వచ్చింది, దాంతో నాకు సరిగ్గా ఇదే జరిగింది. అలాంటప్పుడు వెంటనే బాక్సు దించేయాలనిపిస్తుంది. దించకండి, కారు కిందకి దూరకముందే సగం జవాబు దొరుకుతుంది.

మొదట నూనె. లెవెల్ తక్కువుంటే పంపు గాలి లాగి అన్ని గేర్లూ ఆలస్యమవుతాయి. టయోటాలో బండి వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, లివర్ అన్ని స్థానాల్లో ఒకసారి తిప్పి పీ (పార్కింగ్)లో పెట్టి, డిప్‌స్టిక్ (నూనె కొలిచే పుల్ల) తీసి చూడాలి. హోండా అయితే ఇంజిన్ ఆపి చూడాలి, ఈ రెండూ కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. ఏ నూనె పోయాలో డిప్‌స్టిక్ మీదే ఉంటుంది, అదే పోయండి, దుకాణంలో ‘అన్నిటికీ ఇదే సరిపోతుందన్నా’ అంటే వినొద్దు.

తర్వాత వాచీ పట్టుకోండి. బండి వేడిగా, ఐడిల్‌లో ఉండగా బ్రేకు గట్టిగా తొక్కి, న్యూట్రల్ నుంచి డికి వేసి కుదుపు తగిలేదాకా లెక్కపెట్టాలి. టయోటా లెక్కలో అది 1.2 సెకన్ల లోపు, ఆర్‌కి 1.5 సెకన్ల లోపు ఉండాలి. ఒక్కొక్కటి మూడుసార్లు, మధ్యలో నిమిషం గ్యాప్ ఇచ్చి చేయండి. నా కరోలాలో డి బాగుంది, ఆర్ దాదాపు 4 సెకన్లు పట్టింది.

ఇక్కడ ఆ బాక్సు లోపల ఏది ఎప్పుడు పట్టుకుంటుందో తెలిసుండాలి. ఈ టయోటాల్లో రివర్స్ పడాలంటే డైరెక్ట్ క్లచ్, ఫస్ట్-రివర్స్ బ్రేకు రెండూ పట్టుకోవాలి (రెండూ బాక్సు లోపల నూనె ఒత్తిడితో బిగుసుకునే ప్లేట్ల కట్టలే, ఈ బ్రేకు కాలితో తొక్కేది కాదు). అదే డైరెక్ట్ క్లచ్ థర్డ్ గేర్లో కూడా పనిచేస్తుంది, అదే బ్రేకు ఎల్ (లో గేరు)లో వేసి యాక్సిలరేటర్ వదిలినప్పుడు బండిని వెనక్కి పట్టి ఆపుతుంది. అంటే రోడ్డు మీదికి తీసుకెళ్తే చాలు, తప్పు ఎవరిదో తేలిపోతుంది. ఎల్‌లో మెల్లగా పోతూ కాలు తీశాను, బండి బాగానే బిగపట్టింది, కాబట్టి బ్రేకుది తప్పు కాదు. డిలో సెకండ్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు మాత్రం ఇంజిన్ ఒక్కసారి గొంతు పెంచి తర్వాత అందుకుంది. అనుమానమంతా డైరెక్ట్ క్లచ్ మీదికి వచ్చింది. వేరే కంపెనీ బాక్సు అయితే ఈ జతలు మారతాయి, దాని మాన్యువల్లో ఉండే పట్టిక చూసుకోండి.

బాక్సు దించాక అంతా విప్పక్కర్లేదు. ముందువైపు పంపు బోల్టులు తీసి లాగితే దాని వెనకాలే డైరెక్ట్ క్లచ్ డ్రమ్ము (ఆ ప్లేట్లుండే గిన్నె) బయటికొస్తుంది. డ్రమ్మును పంపు మీదే కూర్చోబెట్టి, నూనె రంధ్రంలో 30-40 పీఎస్‌ఐ గాలి కొట్టండి (కంప్రెసర్ ట్యాంకులో నీళ్లుంటాయి, ముందు అవి వదిలేయండి). ప్లేట్లను నొక్కే పిస్టన్ ‘టప్’మని కదిలి, గాలి ఆపగానే వెనక్కి రావాలి. నాది కదిలింది గానీ బుస్సుమని గాలి పోతూనే ఉంది. అలా పోతే పంపు షాఫ్టు మీది రింగులు, పిస్టన్‌లోని చిన్న బాల్, పిస్టన్ సీళ్లు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. రింగులు బాగున్నాయి, పిస్టన్ ఊపితే బాల్ గలగలమంది. స్ప్రింగు నొక్కి సర్‌క్లిప్ తీసి పిస్టన్ బయటికి లాగితే, బయటి సీలు అంచు మీద గోటితో గిల్లినట్టు చిన్న నెలవంక గాటు. నేనే, పిస్టన్ పొడిగా నొక్కేటప్పుడు తెగింది. ముందే గాలి కొట్టి చూసుంటే ఓనర్‌కి నాలుగు రోజులు కలిసొచ్చేవి, అది నాకు ఇప్పటికీ బాధే.

కొత్త సీలు వేసేటప్పుడు, దానికి లిప్ (పల్చటి అంచు) ఉంటే అది నూనె ఒత్తిడి వచ్చే వైపు చూడాలి. సీలుకి, డ్రమ్ము లోపలికి ఏటీఎఫ్ (ఈ బాక్సులో పోసే నూనె) బాగా పూసి, సన్నటి తీగను నున్నగా ఉచ్చులా వంచి అంచును చుట్టూ లోపలికి సర్దుతూ, పిస్టన్‌ను తిప్పుతూ వేళ్లతోనే దింపండి. సుత్తి వద్దు. గ్రీజు అసలే వద్దు, అది ఏటీఎఫ్‌లో కరగక వాల్వు దారుల్లో ఇరుక్కుంటుంది, వాజలైన్ అయితే కరిగిపోతుంది. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు కనీసం గంటసేపు నూనెలో నాననివ్వండి. తుడవడానికి బనియన్ వేస్టు వాడొద్దు, దాని పోగులు లోపల ఉండిపోతాయి. మా ఊరి ఎర్రదుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, పని ఆపిన ప్రతిసారీ కవరు కప్పండి. ప్లేట్లు పేర్చాక మళ్లీ గాలి కొట్టండి, ఈసారి ‘టప్’ తప్ప ఇంకే శబ్దం రాకూడదు.

ఎక్కించేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిరుగుడును నూనె ద్వారా బాక్సుకి అందించే గుండ్రటి డబ్బా) పూర్తిగా లోపలికి కూర్చోవాలి. తిప్పుతూ తోస్తుంటే మెట్టు మెట్టుగా దిగుతుంది. ఫ్లెక్స్ ప్లేటు (ఇంజిన్ వెనక తిరిగే పలక)కీ దానికీ మధ్య కాస్త సందు లేకుండా బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది.

ఆ కరోలాను రాప్తాడు దాకా హైవే మీద తిప్పుకొచ్చాను. వాచీలో ఆర్ సెకను దాటలేదు, థర్డ్ నున్నగా పడింది. వచ్చాక వేడి మీదే మళ్లీ డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవెల్ కొంచెం తగ్గింది, కొద్దికొద్దిగా పోసి హాట్ గీత దగ్గరికి తెచ్చి తాళాలిచ్చాను.