పిల్లల ఎముకల ఎదుగుదలలో తేడా కనిపిస్తోందా? అసలు జబ్బేంటో తేల్చుకోవడం ఎలా?

దొడ్డికాళ్ళున్న పిల్లలందరికీ అరుదైన జబ్బు ఉండదు. రెండేళ్ళలోపు కాళ్ళు కాస్త వంగి ఉండడం మామూలే. ఆ తర్వాత కూడా అలాగే ఉంటే చాలాసార్లు కారణం విటమిన్ డి లోపం. ప్రకాశం జిల్లా వైపు కొన్ని ఊళ్ళలో అయితే తాగే నీటిలోని ఫ్లోరైడ్‌నూ అనుమానించాలి. ఇవేవీ కాదని తేలినప్పుడే చిక్కు మొదలవుతుంది. 2023లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణలో ఎముకలకు సంబంధించిన జన్యు జబ్బులు 771 ఉన్నాయి. వీటన్నిటినీ కళ్ళారా చూసిన డాక్టర్ ఎక్కడా ఉండరు. అందుకే పేరు తేలే దాకా తల్లిదండ్రులు కూడా కొంత పని చేయాలి.

1. అనుమానించాల్సిన గుర్తులు

చిన్న దెబ్బకే మళ్ళీ మళ్ళీ ఎముక విరగడం, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండడం, ఒంటి పొడవుతో పోలిస్తే చేతులు కాళ్ళు పొట్టిగా ఉండడం, వెన్ను గూనిగా తిరగడం, ఐదేళ్ళు నిండకముందే పాలపళ్ళు వేరుతో సహా ఊడిపోవడం. పుట్టినప్పుడే రెండు కాళ్ళ బొటనవేళ్ళూ పొట్టిగా, లోపలికి వంగి ఉంటే దాన్ని కచ్చితంగా డాక్టర్‌కి చెప్పండి. ఎందుకో కింద ఉంది.

2. ఫైలు తయారు చేయండి

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదే. పుట్టినప్పటి బరువు, పొడవు, ఎప్పుడు నడిచారు, ఏ ఎముక ఎప్పుడు ఎలా విరిగింది, అన్నీ తేదీలతో రాయండి. ఎత్తు ఒక్కటే చాలదు. కూర్చున్నప్పటి ఎత్తు, రెండు చేతులూ చాపినప్పటి కొలత, తల చుట్టుకొలత కూడా కావాలి. ఎక్స్‌రే రిపోర్టు కాగితం ఉంది కదా అని ఫిల్ములు పారేయకండి, డాక్టర్‌కి కావాల్సింది ఫిల్మే.

మూడు తరాల వివరాలు కూడా రాయండి. మేనరికం ఉంటే దాచకండి. మన వైపు ఈ మాట అడగ్గానే నిందించినట్టు బాధపడతారు. కానీ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే రకం జబ్బులను ముందు చూడాలా అన్నది డాక్టర్‌కి తెలిసేది దీనితోనే. అలాగని బంధుత్వం లేనంత మాత్రాన జన్యు జబ్బు కాదనుకోకూడదు. ఎకాండ్రోప్లేసియా (చేతులు కాళ్ళు పొట్టిగా ఉండే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి తల్లిదండ్రులు మామూలు ఎత్తే ఉంటారు.

3. పరీక్షలు వరుసలో చేయించండి

నొప్పి ఉన్న చోట ఒక్క ఎక్స్‌రేతో ఈ జబ్బులు తేలవు. తల, వెన్ను, తుంటి, కాళ్ళు, చేతులు అన్నిటికీ తీసే స్కెలిటల్ సర్వే అడగండి. దాన్ని చదివిన రేడియాలజిస్టుకి పిల్లల ఎముకల అనుభవం ఉంటే ఇంకా మంచిది.

రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్ చూస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. చాలా ల్యాబ్ రిపోర్టుల పక్కన ఉండేవి పెద్దవాళ్ళ నార్మల్ అంకెలు. చిన్నపిల్లలకు ఫాస్ఫరస్ పెద్దవాళ్ళకన్నా ఎక్కువ ఉండాలి. రెండేళ్ళ బిడ్డకు 2.8 వస్తే ఆ కాగితం ప్రకారం నార్మలే, నిజానికి తక్కువ. విటమిన్ డి ఇంజక్షన్లు వేసి మూడు నెలలు గడిచినా ఎక్స్‌రేలో మార్పు లేకపోతే, ఇంకో ఇంజక్షన్ వేయించే ముందు ఫాస్ఫరస్ గురించి అడగండి. ఫాస్ఫేట్ మూత్రంలో పోయే జన్యు రికెట్స్‌కి (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) మందులు వేరు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ విషయమూ ఇలాంటిదే. ఎదిగే పిల్లల్లో అది పెద్దవాళ్ళకన్నా ఎక్కువే ఉంటుంది. పిల్లల లెక్కకు తక్కువ ఉన్నా, బాగా ఎక్కువ ఉన్నా ఆలోచించాలి.

4. కత్తి పెట్టించే ముందు ఆగండి

మెడ మీదో వీపు మీదో గట్టి వాపు వచ్చి, బొటనవేళ్ళు కూడా పైన చెప్పినట్టు ఉంటే బయాప్సీకి (చిన్న ముక్క కోసి పరీక్షించడానికి) తొందరపడొద్దు. కండరాలే ఎముకగా మారే ఎఫ్‌ఓపీ అనే జబ్బు కావచ్చు. ఇది చాలా అరుదు. కోత పడినా, కండరానికి ఇంజక్షన్ ఇచ్చినా అక్కడే కొత్త ఎముక పుట్టే ప్రమాదం ఉంది. దీనికి కారణమైన జన్యువును 2006లో కనుక్కున్నారు కాబట్టి రక్తపరీక్షతోనే తేల్చుకోవచ్చు. నాటు కట్లు, నూనె పెట్టి కాళ్ళు చేతులు లాగడం కూడా మానండి. ఎముకలు పెళుసుగా ఉన్న బిడ్డకు అమ్మమ్మ ప్రేమతో లాగినా విరుగుతాయి.

5. ఎక్కడ చూపించాలి?

విజయవాడ సూర్యారావుపేటలో ఒకరికి, గుంటూరు కొత్తపేటలో ఇంకొకరికి విడివిడిగా చూపిస్తే ప్రతిచోటా కథ మొదటికొస్తుంది. విజయవాడ, గుంటూరుల మధ్యలోనే ఉన్న మంగళగిరి ఎయిమ్స్‌కో, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కో వెళ్తే పిల్లల విభాగం, ఎముకల విభాగం ఒకేచోట ఉంటాయి. అక్కడి నుంచి రిఫరల్ ఉత్తరం తీసుకుని హైదరాబాద్ నిమ్స్‌కి వెళ్ళొచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద అది గుర్తింపు పొందిన కేంద్రం. జాబితాలో ఉన్న జబ్బులకు రూ.50 లక్షల వరకు సాయం ఇలాంటి కేంద్రాల ద్వారానే అందుతుంది.

జన్యు పరీక్ష అందరికీ మొదటి పరీక్ష కాదు. ఎక్స్‌రే ఫలానా గుంపు జబ్బు అని చూపించాక చేయిస్తే డబ్బూ కలిసొస్తుంది, రిపోర్టూ అర్థమవుతుంది. జన్యువులో తేడా దొరికినా దాని అర్థం ఇంకా తేలలేదు అని వస్తే కంగారుపడకండి. తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షిస్తే తరచూ స్పష్టత వస్తుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఈ పని గర్భం రాకముందే పూర్తిచేయాలి. ఏ జన్యువో తెలిస్తేనే గర్భంలో జన్యు పరీక్ష సాధ్యం.

6. పేరు తేలాక

జబ్బు పేరు, చేయకూడని పనులు, మత్తుమందు ఇచ్చేటప్పుడు జాగ్రత్తలు ఒక్క పేజీలో రాసివ్వమని డాక్టర్‌ని అడగండి. ఒక కాపీ బడిలో ఇవ్వండి, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. అర్హత ఉంటే యూడీఐడీ కార్డుకి (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు పెట్టండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పొట్టితనం కూడా ఉంది.