లారీకి యాక్సిడెంట్ అయిన రోజే పుస్తకంలో రాయండి
ఒడిశాలోని రాయగడలో మా అన్నయ్యకు 4 లారీలున్నాయి. లెక్కలు నేనే చూస్తాను. ప్రమాదాలకు విడిగా ఒక పుస్తకం పెట్టాను.

ముందు దెబ్బ తగిలినవాళ్లని ఆసుపత్రికి చేర్చాలి. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో 24 గంటల్లోపు చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం బీమా కంపెనీకి రాసివ్వాల్సినవే నా పుస్తకంలో గళ్లు: పాలసీ నంబరు, గడువు, తేదీ, టైము, చోటు, గాయపడిన, చనిపోయినవాళ్ల వివరాలు, డ్రైవర్ పేరు, లైసెన్సు.

'చోటు' గడిని తేలిగ్గా తీసుకోకండి. ఒకసారి మా బండి కొమరాడ దాటాక ఒక బైకును రాసుకుంది. డ్రైవర్ ఫోన్‌లో "రాయగడ రోడ్డు" అన్నాడు, నేను అదే రాశాను. ఆ రోడ్డు కొంత ఆంధ్రాలో, కొంత ఒడిశాలో ఉంది. ఏ స్టేషనో తేలక 2 వారాలు తిరిగాం. అక్కడ బైకబ్బాయి కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఊరు, ఆంధ్రాలో అయితే మండలం, ఒడిశాలో అయితే బ్లాకు, కిలోమీటరు రాయి మీది అంకె అన్నీ రాస్తాను. రాయి, లారీ నంబరు ప్లేటు రెండూ కనబడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమంటాను.

ఎఫ్ఐఆర్ ఒడియాలో వస్తే తెలుగులో చీటీ రాసి దానికి పిన్ను కొడతాను. మా డ్రైవర్లకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.